ఎనకవడ్డ బర్రెకు బురద నీళ్లు

ఇంగ్లీషోళ్లు ఏమంటరు? పొద్దుగాల లేచిన పిట్టకే పురుగు దొరుకుతది అంటరు. ఎర్లీ బర్డ్ క్యాచెస్ ద వార్మ్. వియత్నామోళ్లు ఏమంటరు? ఎనకవడ్డ బర్రె బురద నీళ్లు తాగుతది అంటరు. ఇంగ్లీషు నేర్చుకునే వియత్నాం పిల్లల పుస్తకాలల్ల ఈ రెండు మాటలు పక్కపక్కనే ఉంటయి. ఇటు ఇంగ్లీషు, అటు వాళ్ల భాష, నడుమ ఒక గీత. రెండింటి అర్థం ఒకటే అన్నట్టు.

ఒకటేనా? జర ఆగి చూడుండ్రి. ఇంగ్లీషు పిట్ట ఒక్కతే ఉంది. దాని కష్టం దానిది, దాని పురుగు దానిది. తొందరగ లేస్తే లాభం, అంతే ముచ్చట. వియత్నాం బర్రె ఒక్కతి లేదు, మంద ఉంది. మంద మొత్తానికి ఒకటే గుంట. ముందు వోయినయి నీళ్లు తాగుకుంట గుంటను తొక్కి తొక్కి పెట్టినయి. ఎనక వచ్చినదానికి నీళ్లయితే ఉన్నయి గానీ బురద నీళ్లు. దీంట్ల లాభం మాట లేదు, మిగిలిందేందో అదే దక్కుతదన్న భయం ఉంది. కాలువ కింద చిట్టచివరి మడి ఉన్న రైతును అడుగుండ్రి, ఈ బర్రె ఎవరో ఆయనకు చెప్పాల్సిన పని లేదు.

నాకు ఈ పిచ్చి ఎట్ల పట్టిందంటే, ఒక దోస్తు హనోయ్ పోయి వచ్చేటప్పుడు ఇసొంటి రెండు వరుసల పుస్తకం ఒకటి తెచ్చి నా చేతుల పెట్టిండు. వియత్నాం అంటే మా తరం సంఘపోళ్లకు మీటింగులల్ల విన్న పేరు. అమెరికాను ఓడగొట్టిన దేశం అని చెప్పుకుంట పెరిగినం. ఆ దేశపు పిల్లలు ఇయ్యాల అమెరికా మాటలు ఎట్ల నేర్చుకుంటున్నరో చూద్దామనుకున్న. పుస్తకం చిన్నదే, ఏడాది పట్టింది. ఒక్కొక్క వియత్నాం మాట వెతుక్కొని, దాని అర్థం గుంజుకొని, నోటుబుక్కుల రాసుకున్న. నేను ఇంగ్లీషు నేర్చుకున్నది కూడ గిట్లనే, బడిల కాదు. పాత పేపర్లు, బస్సుల చదివిన గైడ్లు. రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్ అన్న ముక్కను పదేండ్లు జేబుల పెట్టుకొని తిరిగి, ఒకనాడు ఒక తెల్లాయన ముందర వాడిన. ఆయన మర్యాదగ నవ్విండు. వాళ్ల ముసలోళ్లు ఎప్పుడన్న అంటరట, గంతే. వియత్నాం పుస్తకంల కూడ ఆ కుక్కలు పిల్లులు మొదటి పేజీలనే ఉన్నయి. వాటికి ఎదురుంగ వాళ్ల మాట: కుమ్మరించినట్టు వాన. మన కుండపోత వాన. దేశాలు వేరు గానీ, పుస్తకాలు రాసేటోళ్లు అందరు ఒకటే కుక్కను ఒకటే పిల్లిని పట్టుకున్నరు.

వియత్నాం భాష గురించి రెండు ముక్కలు చెప్తె మిగతా ముచ్చట తేటగ అర్థమైతది. వాళ్ల రాత ఇంగ్లీషు అక్షరాల లెక్కనే ఉంటది, మీద కింద చుక్కలు గీతలు ఉంటయి. దాన్ని క్వోక్ ఙూ అంటరు, దేశభాష అని అర్థం. పోర్చుగీసు, ఫ్రెంచి పాదిర్లు మొదలుపెట్టిన రాత అది. అలెగ్జాండర్ ద రోడ్స్ అనే పాదిరి 1651ల రోమ్‌ల దాని నిఘంటువు అచ్చేయించిండు. అంతకు ముందు సదువు అంటే చైనా లిపే. క్రీస్తు పూర్వం 111 నుంచి క్రీస్తు శకం 938 దాకా, నడుమ నడుమ తిరుగుబాట్లు వచ్చినా, ఆ దేశం చైనా చేతి కిందనే ఉంది. చైనోళ్లు పోయినంక కూడ సర్కారు కొలువుకు చైనా అక్షరాల పరీక్షలే. ఆఖరి పరీక్ష హ్యూ పట్నంల 1919ల జరిగింది. గందుకే వాళ్ల సామెతలు రెండు పొరలుగ ఉంటయి. పైపొర పండితులది, చైనా నుంచి వచ్చింది. కిందిపొర పొలంలది. మన దగ్గర సంస్కృతం పొర, ఊరి పొర ఉన్నట్టే.

కష్టం మీద కష్టం వచ్చుడు తీసుకోండ్రి. ఇంగ్లీషుల, కష్టాలు ఒంటరిగ రావు అంటరు. వియత్నాం పైపొరల అచ్చం అదే మాట ఉంది, చైనా మాటలతోటి. పుస్తకం ఆ రెండింటిని జోడు చేసి ముందరికి పోయింది. కిందిపొరల ఇంకో మాట ఉంది: చిరిగిన అంగీనే కుక్క కరుస్తది. నాలుగే నాలుగు పదాలు వాళ్ల భాషల. ఇక్కడ కష్టం ఎవరికి పడితే వాళ్లకు రాదు. కుక్కకు కూడ మనిషిని చూసి కరిచే తెలివి ఉంది. మంచి బట్టలేసుకున్నోని జోలికి పోదు. మన మూలిగే నక్క మీద తాటిపండు దీనికి దగ్గరి చుట్టమే. గానీ తాటిపండు తెలిసి పడదు, కుక్క తెలిసే కరుస్తది. నన్నడిగితే వియత్నామోడే నిజం చెప్పిండు. పుస్తకం రాసిన పంతులు మాత్రం పైపొర తీసుకొని కిందిపొర వదిలిపెట్టిండు. అట్ల చేస్తే జోడు చక్కగ కుదురుతది మరి.

బర్రె సంగతి కూడ గంతే. ఇంగ్లీషుల, పందుల ముందర ముత్యాలు ఏసుడు అని ఒక మాట ఉంది, బైబిల్ మత్తయి సువార్త నుంచి వచ్చింది. దానికి వియత్నాం జోడు: బర్రె చెవికాడ వీణ వాయించుడు. ఇదీ చైనా నుంచి దిగిన మాటే. మనం చెవిటోని ముందర శంఖం అంటం, చెవిటోళ్లు వింటే బాధపడతరన్న సోయి లేకుంట. అయితే అదే వియత్నాంల ఇంకో సామెత ఉంది, సంసారానికి మొదటి ఆస్తి బర్రె అని. వీణ పట్టినోడు బర్రెను ఎక్కిరించిండు, నాగలి పట్టినోడు దాన్ని నెత్తిన పెట్టుకున్నడు. ఒకటే బర్రె, ఒకటే భాష. సామెతలు మొత్తం జనం నోటి నుంచే వచ్చినయి అని మనం గొప్పగ అంటం గానీ, చెప్పినోని చేతుల ఏముండెనో కూడ చూడాలె.

జోడు బాగ కుదిరినయి లేవా అంటే ఉన్నయి. ఖాళీ డబ్బాకు మోత ఎక్కువ, నిప్పు లేంది పొగ రాదు - ఇవి మూడు భాషలల్లా అట్లనే ఉన్నయి, వాటి మీద టైమ్ వేస్టు చేసుకునుడు దండగ. చిన్నగ వేషం మార్చినయి చూస్తే మజా ఉంటది. వంటోళ్లు ఎక్కువైతే పులుసు చెడుతది అని ఇంగ్లీషు. పూజార్లు ఎక్కువైతే దయ్యాలు ఎక్కువైతయి అని వియత్నాం. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చనైతది అని మనం. గుర్రం పోయినంక కొట్టానికి తాళం ఏసుడు ఇంగ్లీషోనిది. ఆవు పోయినంక కొట్టం కట్టుడు వియత్నామోనిది. తాళం, కొట్టం - తేడా చూసిండ్రా? ఇంగ్లీషోనికి కొట్టం ఉండనే ఉంది, తాళమే మరిచిండు. వీనికి కొట్టమే లేదు, ఆవు పోయినంక గాని దాని ఫికరు పట్టలే. ఇంగ్లీషుల పొదగని గుడ్ల మీద కోడిపిల్లలను లెక్కపెడితే, వియత్నాంల పొలం గట్టు బొక్కలల్ల ఎండ్రికాయలను లెక్కపెడతరు. అంతకన్న కారంగ ఇంకోటి ఉంది. పెద్ద పరీక్ష పాసే కాలే, అప్పుడే పరగణా మొత్తాన్ని బెదిరిస్తున్నడు అని. చైనా అక్షరాల పరీక్ష రాసి ఆఫీసరైతనని ఎగిరెగిరి పడే పిల్లగాని మీద ఊరు ఏసిన జోకు అది. మన ఆలు లేదు సూలు లేదు సోమలింగానికి సగోత్రీకుడు.

పెనం మీదికెళ్లి పొయ్యిల పడ్డట్టు అని మనకూ ఉంది, ఇంగ్లీషోనికీ ఉంది. వియత్నామోడు మాత్రం ఏమంటడు? దోసపండు తోలు తప్పించుకుంటె కొబ్బరి చిప్ప తగిలింది అంటడు. మనకు నవ్వు రాదు. వాళ్లకెందుకు వస్తదంటే వాళ్ల భాషల దోసకు, కొబ్బరికి ఒకటే మాట, పలికే రాగమే వేరు. ఉత్తరాదిల ఆరు రాగాలున్న భాష అది. గొంతు కొద్దిగ దించితే దోసపండు కొబ్బరికాయ అయితది. అడుగు తప్పుడు, గొంతు తప్పుడు రెండూ ఒక్క సామెతల పట్టేసిండ్రు. ఇది ఏ ఇంగ్లీషు వరుసలకు ఎక్కుతది?

ఇగ మోసం చేసే జోడీలకు వద్దం. అన్నిట్ల పెద్ద దొంగ బాతు. ఇంగ్లీషుల వాటర్ ఆఫ్ ఎ డక్స్ బ్యాక్ అంటే బాతు వీపు మీద నీళ్లు, అంటుకోకుంట జారిపోతయి. వియత్నాంల బాతు తల మీద పోసిన నీళ్లు. అదే బాతు, అవే నీళ్లు. పుస్తకంల గీతకు ఇటొకటి అటొకటి చక్కగ కూసున్నయి. కానీ ఇంగ్లీషుల ఈ మాట ఎక్కువగ తిట్ల గురించి, విమర్శల గురించి వాడుతరు. ఆయనను ఎంత తిట్టినా బాతు వీపు మీద నీళ్లే అంటే, మనిషి గట్టోడు, పట్టించుకోడు అని సగం మెచ్చుకోలు. వియత్నాంల అదే మాట పంతులు పిల్లగాన్ని అంటడు. ఎంత చెప్పినా బుర్రకెక్కదు, బాతు తల మీద పోసినట్టే అని. తిట్టు అన్నట్టు. మన దున్నపోతు మీద వాన దీనికి సరిగ్గ సరిపోతది. ఇప్పుడు ఇంగ్లీషు కంపెనీల పనిచేసే వియత్నాం పిల్లను అనుకోండ్రి. మేనేజరు ఆమెను మెచ్చుకొని, నీకు విమర్శలు బాతు వీపు మీద నీళ్లు అంటడు. ఆ పిల్ల ఇంటికి పోయి ఏడుస్తది, నాకు ఏం చెప్పినా ఎక్కదు అన్నడు అని. జోడు కుదరని మాటల కన్న, కుదిరినట్టు కనవడే మాటలతోనే ఎక్కువ దెబ్బ తింటం.

దెబ్బ తింటం అన్న కదా, అక్కడ ఆగుదం. నేను ఈ పుస్తకం మీద మనసు పడ్డది ఈ తినుడు కాడనే. వియత్నాంల అన్ అంటే తినుడు. అన్ డోన్ అంటే దెబ్బలు తినుడు. అన్ తియెన్ అంటే పైసలు తినుడు, అంటే లంచం. అచ్చం మన మాటలే! ఇంగ్లీషోడు లంచం తీసుకుంటడు, దెబ్బలు పొందుతడు, తినడు. వియత్నామోళ్లు మన కన్న ఇంకా ముందరికి పోయిండ్రు. కొత్త సంవత్సరం తెత్ పండుగను తింటరు. పెండ్లికి పోవుడు అంటే పెండ్లి తినుడు. ఫొటోల మంచిగ పడేటోన్ని ఫొటో తిన్నడు అంటరు. లామ్ అన్ అంటే చేసుడు-తినుడు, అదే వాళ్లకు బతుకుదెరువు, యాపారం. ఇంగ్లీషోడు బ్రెడ్ అండ్ బటర్ అనేకాడ వీళ్లు బువ్వ పట్టే గాలం అంటరు. చేపల గాలం వేసి అన్నం గుంజుకునుడు! నా లెక్కల ఈ ఒక్క మాట కోసం ఆ పుస్తకం కొనొచ్చు.

తిన్నది ఎటు పోతది, కడుపులకు. ఇంగ్లీషోని మంచితనం గుండెల ఉంటది, కైండ్ హార్టెడ్ అంటడు. వియత్నామోని మంచితనం కడుపుల ఉంటది. తోత్ బుంగ్, మంచి కడుపు. చెడ్డోడు అంటే చెడ్డ కడుపోడు. మనం కూడ కడుపుమంట అంటం, కడుపు చల్లగుండ అంటం. ఇంత దగ్గర చుట్టరికం ఉందని మురిసేలోపే ఒక గుంజ తగిలింది. వియత్నాంల డే బుంగ్ అని ఉంది, కడుపుల పెట్టుకునుడు. దాని అర్థం పగ పెట్టుకునుడు. తప్పయితే కడుపుల పెట్టుకోకు అని బతిమాలుతరు. మన దగ్గర? తప్పయింది, కడుపుల పెట్టుకో అని కాళ్లు మొక్కుతం. అంటే మన్నించు అని. ఒకటే కడుపు, ఒకటే పెట్టుకునుడు. వాళ్ల కడుపుల పెడితే మాట మురుగుతది, మన కడుపుల పెడితే మాట అరుగుతది. ఇంగ్లీషుల ఇద్దరినీ డోంట్ టేక్ ఇట్ టు హార్ట్ అని ఒకటే గుండెకు కట్టేస్తరు. మన పుస్తకాలల్ల ఎవడన్న ఈ మూడింటినీ ఒక్క కాడ పెట్టి పిల్లలకు చూపిస్తే, ఒక్క గంటల భాష అంటే ఏందో తెలుస్తది.

బట్టీ పట్టుడు కూడ చూడుండ్రి. ఇంగ్లీషోడు గుండెతోటి నేర్చుకుంటడు, బై హార్ట్. వియత్నామోడు లోంగ్‌ల పెట్టుకుంటడు. లోంగ్ అంటే మనసూ అదే, పేగులూ అవే, వాళ్ల గంజిల వేసుకొని తాగే పంది పేగులకు కూడ అదే మాట. మనకు నోటికి రావాలె, కంఠతా రావాలె. సదువు మన దగ్గర గొంతుకాడనే ఆగుతదని నేను అనుట్లే, మాట అట్ల ఉంది మరి.

ఈ గుంజలాటల వియత్నాం పిల్లలు ఒక మంచి పని చేసిండ్రు. వాళ్ల భాషను ముక్కకు ముక్క ఇంగ్లీషుల పెట్టి నవ్వుకుంటరు. ఖోంగ్ సావ్ డౌ అంటే ఏం ఫరవాలేదు అని. ఖోంగ్ అంటే లేదు, సావ్‌కు చుక్క అని ఇంకో అర్థం, డౌకు ఎక్కడ అని ఇంకో అర్థం. దాంతోని నో స్టార్ వేర్ అంటరు. నీ తొవ్వ నీది నా తొవ్వ నాది అనేదానికి షుగర్ యూ యూ గో, షుగర్ మీ మీ గో. ఎందుకంటే వాళ్ల భాషల తొవ్వకూ చక్కెరకూ ఒకటే మాట. ఇది ఇంగ్లీషు రాక కాదు, వచ్చినంక చేసే అల్లరి. మన దగ్గర ఇంగ్లీషు తప్పు మాట్లాడితే పక్కోడు నవ్వుతడు, మాట్లాడినోడు చచ్చిపోతడు. వాళ్లు తప్పును చేతులకు తీసుకొని ఆడుకుంటున్నరు. భయం పోయినోడే గట్ల ఆడుకుంటడు.

ఆ చక్కెర జోకుల యూ, మీ అన్న కాడ అసలు మాటలు వేరే ఉన్నయి. ఎమ్, ఆన్ అని. ఎమ్ అంటే చిన్నోళ్లు, ఆన్ అంటే అన్న. వియత్నాంల నువ్వు, నేను అన్న మాటలు మామూలుగ వాడరు, వరుసలే వాడుతరు. నానమ్మ ముందర నేను మనుమన్ని, చెల్లె ముందర నేను అన్నను. నేను అనే మాట మనిషిని బట్టి మారుతది. హో చి మిన్‌ను మనం ఇంగ్లీషు నుంచి తెచ్చుకొని అంకుల్ హో అన్నం. వాళ్లు బాక్ హో అంటరు. బాక్ అంటే నాయిన కన్న పెద్దోడు, మన పెద్దనాయిన! ఇన్నేండ్లు మీటింగులల్ల అంకుల్ అంకుల్ అని అరిచినం, పెద్దనాయిన అని ఎవడు చెప్పలే. గందుకే వియత్నాం సామెతకు ఇంగ్లీషు జోడు కట్టేటప్పుడు అర్థం ఒక్కటే చూస్తే సాలదు. ఎవరు ఎవరిని అనొచ్చు అనేది చూడాలె. బాతు తల సామెతను పంతులు పిల్లగాన్ని అంటడు. పిల్లగాడు పంతులును అంటే దెబ్బలు తింటడు, రెండు భాషలల్లా.

ఇప్పుడు బడి సంగతికి వస్త. వియత్నాంల సర్కారు బళ్లల్ల లెక్కలు, సైన్సు, చరిత్ర అన్నీ వియత్నాం భాషలనే చెప్తరు. ఇంగ్లీషు ఒక సబ్జెక్టు. 2022-23 నుంచి మూడో తరగతి కెళ్లి అది అందరికీ తప్పనిసరి చేసిండ్రు. సరిగ్గ అదే 2022-23ల తెలంగాణ సర్కారు బళ్లల్ల ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. నేను ఇంగ్లీషు మీడియానికి ఎదురు కాదు. మీ పిల్లలకు ఇంగ్లీషు ఎందుకు, తల్లిభాష ముద్దు అని మైకుల చెప్పేటోళ్ల పిల్లలు ఎక్కడ సదువుతున్నరో మనకు ఎరుకే. గుంటకాడికి ముందర వోయినోళ్లు ఎనకవడ్డ బర్రెకు బురద నీళ్ల గొప్పతనం చెప్పినట్టు ఉంటది. నా లొల్లి వేరే. వియత్నాం పిల్లగాని పుస్తకంల ఎంత తప్పు జోడు ఉన్నా, గీతకు అవతల వాని ఇంటి మాట ఒకటి ఉంది. తప్పని తెలుసుకోనీకె కూడ పక్కన ఒకటి ఉండాలె కదా. మన పిల్లల చేతుల పెట్టిన ఇడియమ్స్ గైడ్లు నేను చూసిన కాడికి ఇంగ్లీషు మాట, దాని కింద ఇంగ్లీషులనే అర్థం. ఇంటి వరుసే లేదు. ఏదన్నొకదాంట్ల ఉన్నా, అది మంచి బట్టలేసుకున్న తెలుగు, వాళ్ల అవ్వ నోట ఎన్నడు వినని తెలుగు.

గందుకే మా ఊర్ల ఆదివారం పూట కూసుండే పన్నెండు మంది పిల్లలతోని నాలుగు వరుసలు గీయించిన. ఒకటి ఇంగ్లీషు మాట. రెండు, ఆ మాటల నిజంగ కనవడే బొమ్మ, పిట్టనా, బాతా, పొయ్యినా. మూడు, మన ఇంట్ల ఏమంటరు. నాలుగు, ఎవరు ఎవరిని అంటరు. మూడో వరుస నింపుకొని రాండ్రి అని ఇంటికి పంపిన. మొదటి వారం సగం గళ్లు ఖాళీ. ఇంట్ల అడగనీకె సిగ్గుపడ్డరు. రెండో వారం అవ్వలు మొదలుపెట్టిండ్రు. ఇగ ఆపితే ఆగరు. నాలుగో వరుసల ఒకడు రాసిండు: అమ్మ నాయినను అంటది, నాయిన లేనప్పుడు.

మొన్నటి వారం నేనే ఒక వియత్నాం మాట ఇచ్చిన. ఒక ఎండ, రెండు మంచులు. పొద్దుగాల మంచుల పొలంకు పోయి, పగలంత ఎండల చేసి, మళ్ల మాపటి మంచుల ఇంటికి వచ్చే మనిషి కష్టం అది. పత్తి ఏరవోయే తల్లి ఉన్న ఒక పిల్ల చప్పున రాసింది, రెక్కలు ముక్కలు చేసుకునుడు అని. బొమ్మ వరుసల తడిసిన కాళ్లు గీసింది. ఇంగ్లీషు వరుసకాడ ఆగింది. హార్డ్ వర్క్ అని రాయాల్నా అన్నా అని అడిగింది. ఫ్రమ్ డాన్ టు డస్క్ అని ఉంది గదా అన్నడు పక్క పిల్లగాడు. దాంట్ల టైమ్ ఉంది గానీ మంచు లేదు అన్నది ఆ పిల్ల. ఒకసారి హార్డ్ వర్క్ అని రాసింది, మళ్ల రబ్బరుతోని తుడిచింది. వచ్చే వారం అడిగి రాస్త అన్నది. ఎవరిని అడుగుతదో నేను అడగలే.